ఎంఎంటీఎస్ ఎక్కే ముందు: ఫలక్‌నుమా, సికింద్రాబాద్, లింగంపల్లి రూట్లలో తెలుసుకోవాల్సిన వివరాలు

మా చెల్లికి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో పీజీ సీటు వచ్చినప్పుడు ఇంట్లో మొదట వచ్చిన ప్రశ్న ఫీజు గురించి కాదు. "రోజూ ఎట్ల పోయి వస్తది?" అని అమ్మీ అడిగింది. మా ఇంటి నుంచి యాకుత్‌పురా స్టేషన్ పది నిమిషాల నడక. అక్కడి నుంచి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌కి వెళ్లే దారిలో మధ్యలో వచ్చేవి ఐదే స్టేషన్లు: దబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్, జామియా ఉస్మానియా. టికెట్ ఒక ఇరానీ చాయ్ ధర కన్నా తక్కువ. అయినా ఇన్నేళ్లుగా స్టేషన్ పక్కనే ఉంటున్న మా ఇంట్లో ఎవరికీ ఆ రైలు ఏ టైమ్‌కి వస్తుందో తెలియదు. మొదటి రోజు నేనే చెల్లికి తోడు వెళ్లాను. రెండో వారం నుంచి తను ఒక్కతే వెళ్తోంది.

పాతబస్తీలో చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. రైలు కూత వినిపిస్తుంది కానీ ప్రయాణం మాత్రం ఆటోలోనో, బైక్ మీదో జరుగుతుంది. ఎంఎంటీఎస్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది, టికెట్, పాస్ సంగతులేంటి, మెట్రోతో ఎక్కడ కలుస్తుంది, పిల్లల్ని, ఆడవాళ్లని పంపేటప్పుడు ఏం చూసుకోవాలి అన్న వివరాలు ఒక్కచోట ఉంటాయని ఈ కథనం.

ఎంఎంటీఎస్ ఎలా మొదలైంది

ఎంఎంటీఎస్ అంటే మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్. రాష్ట్ర ప్రభుత్వం, దక్షిణ మధ్య రైల్వే కలిసి పెట్టిన లోకల్ రైలు ఇది. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ దీన్ని ప్రారంభించారు. సికింద్రాబాద్, నాంపల్లి, లింగంపల్లి మధ్య మొదట నడిచింది. 2004లో ఫలక్‌నుమా వైపు కూడా వచ్చింది. ఈ మొదటి దశ మొత్తం సుమారు 43 కిలోమీటర్లు.

దీనికోసం కొత్తగా వంతెనలు కట్టలేదు, సొరంగాలు తవ్వలేదు. నిజాం కాలం నుంచి ఉన్న రైలు మార్గాల మీదే లోకల్ రైళ్లు వేశారు. వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది 1874లో. నాంపల్లి స్టేషన్ 1907లో, కాచిగూడ స్టేషన్ 1916లో కట్టారు. లింగంపల్లి వెళ్లే రైలు వాడి లైన్ మీద, ఫలక్‌నుమా వెళ్లే రైలు మహబూబ్‌నగర్ లైన్ మీద నడుస్తాయి. ఈ విషయం ఎందుకు చెప్తున్నానో కింద టైమింగ్స్ దగ్గర అర్థమవుతుంది.

రెండో దశకి 816 కోట్ల అంచనా వేశారు. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలని ఒప్పందం. డబ్బుల దగ్గర పనులు ఏళ్ల తరబడి నడిచాయి. చివరికి 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్‌లో ప్రధాని నరేంద్ర మోదీ 13 కొత్త సర్వీసులకు జెండా ఊపారు. సికింద్రాబాద్–మేడ్చల్, ఫలక్‌నుమా–ఉమ్దానగర్ మార్గాలు అప్పుడే మొదలయ్యాయి. 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి రైలు వచ్చింది.

ఏ లైన్‌లో ఏ స్టేషన్లు

ఫలక్‌నుమా వైపు: సికింద్రాబాద్ నుంచి సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ, మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. కొన్ని రైళ్లు అక్కడి నుంచి శివరాంపల్లి, బుద్వేల్ మీదుగా ఉమ్దానగర్ దాకా వెళ్తాయి. ఫలక్‌నుమా నుంచి ఉమ్దానగర్ 14 కిలోమీటర్లు.

లింగంపల్లి వైపు: సికింద్రాబాద్ నుంచి జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్క్, బేగంపేట, నేచర్ క్యూర్ హాస్పిటల్, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, చందానగర్, లింగంపల్లి.

నాంపల్లి వైపు: నాంపల్లి నుంచి లక్డీకాపూల్, ఖైరతాబాద్, నెక్లెస్ రోడ్, అక్కడి నుంచి బేగంపేట. ఆ తర్వాత లింగంపల్లి లైనే.

మేడ్చల్ వైపు: సికింద్రాబాద్ నుంచి మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అమ్ముగూడ, అల్వాల్, బొల్లారం, గుండ్లపోచంపల్లి మీదుగా మేడ్చల్. ఈ దూరం 28 కిలోమీటర్లు.

ఘట్‌కేసర్ వైపు: ఘట్‌కేసర్, చెర్లపల్లి, మౌలాలి, అక్కడి నుంచి సనత్‌నగర్ బైపాస్ మీదుగా లింగంపల్లి. ఈ రైలు సికింద్రాబాద్ స్టేషన్‌కి రాదు. మౌలాలిలో ఉండేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండు అక్షరాల కోడ్ చూసి ఎక్కండి

అన్ని ఎంఎంటీఎస్ రైళ్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఏది ఎక్కడికి పోతుందో తెలియాలంటే రెండు అక్షరాల కోడ్ చూడాలి. మొదటి అక్షరం బయల్దేరే చోటు, రెండోది చేరే చోటు. ఎఫ్ అంటే ఫలక్‌నుమా, ఎల్ అంటే లింగంపల్లి, హెచ్ అంటే హైదరాబాద్, అంటే మన నాంపల్లి. ఎస్ అంటే సికింద్రాబాద్. ఎఫ్ఎల్ రైలు ఫలక్‌నుమా నుంచి సికింద్రాబాద్ మీదుగా లింగంపల్లి వెళ్తుంది. ఎల్ఎఫ్ తిరిగి వచ్చేది. ఎల్‌హెచ్ మాత్రం లింగంపల్లి నుంచి నాంపల్లి పోతుంది.

ఇది నేను పాఠంలా నేర్చుకున్నాను. ఒకసారి హఫీజ్‌పేటలో ఫోన్ చూసుకుంటూ ఎదురుగా వచ్చిన రైలు ఎక్కేశాను. అది ఎల్‌హెచ్. బేగంపేట దాటాక కిటికీలోంచి నెక్లెస్ రోడ్ కనిపిస్తే తప్పు రైలు అని తెలిసింది. నాంపల్లిలో దిగి, మళ్లీ డబ్బులు పెట్టుకుని మెట్రోలో తిరిగి రావాల్సి వచ్చింది. తప్పు నాదే, కోడ్ చూడలేదు. సికింద్రాబాద్ లైన్, నాంపల్లి లైన్ విడిపోయేది బేగంపేట దాటాకే. అనుమానం వస్తే బేగంపేటలోనే దిగిపోండి.

పాతబస్తీ నుంచి నాంపల్లికి నేరుగా ఎంఎంటీఎస్ ఉండదు. హజ్ హౌస్‌లో పని ఉందనుకోండి, లేదా దర్గా యూసుఫైన్ వెళ్లాలి. ఫలక్‌నుమా నుంచి సికింద్రాబాద్ చుట్టూ తిరిగి బేగంపేటలో మారడం కన్నా బస్సే నయం. లేదంటే మలక్‌పేటలో దిగి మెట్రో ఎక్కొచ్చు, మలక్‌పేట, నాంపల్లి రెండూ మెట్రో ఎర్ర లైన్ మీదే ఉన్నాయి.

టికెట్, పాస్: లెక్క ఇలా

సెకండ్ క్లాస్ టికెట్ దూరాన్ని బట్టి 5, 10, 15 రూపాయలు. ఫస్ట్ క్లాస్ కూడా ఉంది. 2022 మేలో ఫస్ట్ క్లాస్ సింగిల్ టికెట్ ధరలు 50 శాతం దాకా తగ్గించారు. ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

టికెట్ స్టేషన్ కౌంటర్‌లో తీసుకోవచ్చు. క్యూ వద్దనుకుంటే 2025 జూలై 1న వచ్చిన రైల్‌వన్ యాప్ వాడొచ్చు. ఒక్క జాగ్రత్త: పేపర్‌లెస్ టికెట్ ప్లాట్‌ఫాం మీద నిలబడి బుక్ చేస్తే అవదు. స్టేషన్‌కి కొంచెం దూరంలో ఉండగానే చేసుకోవాలి. ఇంట్లో చెప్పులు వేసుకునేటప్పుడే బుక్ చేస్తే సరిపోతుంది. స్టేషన్‌కి వచ్చేశాక అయితే అక్కడ అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తీసుకోవచ్చు.

టికెట్ లేకుండా దొరికితే కనీసం 250 రూపాయల జరిమానా, దాంతోపాటు టికెట్ ఛార్జీ కట్టాలి. ఎంఎంటీఎస్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కినా జరిమానా పడుతుంది. కాచిగూడ, సికింద్రాబాద్ మధ్య చాలామంది ఈ పొరపాటు చేస్తారు. "ఒక్క స్టేషనే కదా" అన్న మాట టీసీ దగ్గర పనిచేయదు.

ఇప్పుడు నెల లెక్క చూద్దాం. ఫలక్‌నుమా నుంచి హైటెక్ సిటీకి ఒకవైపు 15 రూపాయలు అనుకుందాం. అటూ ఇటూ 30, నెలకి 26 రోజులు పని అంటే 780 రూపాయలు. ఇంటి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ఆఫీసుకి షేర్ ఆటోలు రోజుకి 40 అనుకుంటే మరో 1,040. మొత్తం 1,820. అదే దారిలో బైక్ మీద వెళ్తే రోజుకి ఒక లీటర్ పెట్రోల్ పడుతుందనుకుందాం. లీటర్ 107 లెక్కన 2,782 అవుతుంది. సర్వీసింగ్, పార్కింగ్ ఇందులో కలపలేదు. అంటే రైలుతో నెలకి దాదాపు వెయ్యి రూపాయలు మిగులుతాయి.

రోజూ వెళ్లేవాళ్లు సింగిల్ టికెట్లు కొనడం దండగ. నెల పాస్ రోజువారీ టికెట్ల మొత్తం కన్నా బాగా తక్కువ పడుతుంది. మూడు నెలల పాస్‌కి 2.7 నెలల డబ్బులే, ఆరు నెలలకి 5.4, ఏడాదికి 10.8 నెలల డబ్బులే తీసుకుంటారు. ఏడాది పాస్ తీసుకుంటే ఒక నెల కన్నా ఎక్కువే ఫ్రీ అన్నమాట. అయితే మొదటి నెల మామూలు పాస్‌తో వెళ్లి, రైలు టైమింగ్ మీ పనికి సరిపోతుందో లేదో చూసుకున్నాకే పెద్ద పాస్ తీసుకోండి.

విద్యార్థులకు ఉచిత పాస్

మన ఇళ్లలో చాలామందికి తెలియని విషయం ఇది. ఇంటి దగ్గరి స్టేషన్ నుంచి చదువుకునే చోటి స్టేషన్ దాకా అమ్మాయిలకు డిగ్రీ వరకు, అబ్బాయిలకు 12వ తరగతి వరకు సెకండ్ క్లాస్ నెల పాస్ ఉచితంగా ఇచ్చే సౌకర్యం రైల్వేలో ఉంది. మదరసా విద్యార్థులకు కూడా ఇది వర్తిస్తుంది. ఆ పై చదువులకు విద్యార్థి రాయితీ పాస్ ఉంటుంది.

దీనికి స్కూల్, కాలేజీ లేదా మదరసా ఇచ్చే సర్టిఫికెట్ తప్పనిసరి. పేరు, పుట్టిన తేదీ, ఇంటి అడ్రస్, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కి అన్నవి స్పష్టంగా ఉండాలి. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, స్కూల్ రికార్డులో ఇంకో స్పెల్లింగ్ ఉండటం మన పేర్లలో మామూలే. కౌంటర్ దగ్గర నిలబడ్డాక చూసుకోవడం కన్నా ముందే సరిచేయించుకోండి.

మెట్రో, బస్సు ఎక్కడ కలుస్తాయి

ఎంఎంటీఎస్ నుంచి మెట్రోకి నడిచి మారగలిగే చోట్లు ఇవి: మలక్‌పేట, సికింద్రాబాద్ (మెట్రోలో పేరు సికింద్రాబాద్ ఈస్ట్), బేగంపేట, భరత్‌నగర్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి. పాతబస్తీ వాళ్లకి వీటిలో అన్నిటికన్నా పనికొచ్చేది మలక్‌పేట.

హైటెక్ సిటీ దగ్గర మాత్రం మోసపోవద్దు. పేరు ఒకటే అయినా ఎంఎంటీఎస్ స్టేషన్ ఒకచోట, మెట్రో స్టేషన్ ఇంకోచోట ఉన్నాయి. రైలు దిగాక ఆఫీసుకి షేర్ ఆటోనో, బస్సో కావాలి. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఆ టైమ్ కూడా కలుపుకోండి.

మెట్రో టికెట్ 2025 మే నుంచి 11 నుంచి 69 రూపాయల మధ్య ఉంది. ఖర్చు ఎక్కువే కానీ రైలు కోసం ఎదురుచూసే పని తక్కువ. ఆడవాళ్లకి 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కాబట్టి ఇంటి నుంచి స్టేషన్ దాకా ఉచిత బస్సు, అక్కడి నుంచి రైలు అని కలుపుకుంటే ఆటో ఖర్చు కూడా తప్పుతుంది.

ఆస్పత్రి పనులకు కూడా ఈ రైలు బాగా ఉపయోగం. నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రులకు లక్డీకాపూల్ దగ్గర. గాంధీ ఆస్పత్రికి సికింద్రాబాద్‌లో దిగి ఆటో తీసుకోవచ్చు.

అసలు సమస్య టైమ్

ఇంత చౌకగా ఉన్నా జనం ఎందుకు ఎక్కరు? ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: "ఎప్పుడొస్తదో తెల్వదు."

దీనికి కారణం పైన చెప్పిన పాత పట్టాలే. మెట్రోకి తన సొంత లైన్ ఉంది. ఎంఎంటీఎస్‌కి లేదు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ రైళ్లు నడిచే పట్టాల మీదే ఇదీ నడవాలి. దూరం నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ లేటైతే దానికి దారి ఇవ్వడానికి లోకల్ రైలు ఆగుతుంది. సికింద్రాబాద్‌కి ముందు సిగ్నల్ దగ్గర నిలబడిపోయే పది నిమిషాలు ఇలాంటివే.

రెండో కారణం సర్వీసులు తగ్గడం. కోవిడ్‌కి ముందు రోజుకి 121 సర్వీసులు ఉండేవి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో అన్నీ ఆగిపోయాయి. 15 నెలల తర్వాత 2021 జూన్ 23న మొదలైనప్పుడు తిరిగినవి పదే. తర్వాత పెరిగాయి కానీ పాత సంఖ్యకి చేరలేదు. ఆ 15 నెలల్లో ఉద్యోగం నిలుపుకోవాలని బైక్ కొనుక్కున్నవాళ్లు, అప్పు ఇంకా కడుతున్నవాళ్లు మళ్లీ రైలు వైపు రావాలంటే టైమ్ మీద నమ్మకం కలగాలి. రైళ్లు తక్కువైతే జనం రారు, జనం రాకపోతే రైళ్లు పెంచరు. ఈ ముడి ఇంకా విడలేదు.

మెట్రో ఉన్న ప్రాంతాల వాళ్లకి ఇది పెద్ద నష్టం కాదు. ఉప్పుగూడ, యాకుత్‌పురా, దబీర్‌పురా వాళ్లకి పట్టాల మీద వేరే దారి లేదు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల పాతబస్తీ మెట్రోకి 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. అది తయారయ్యేదాకా మన పిల్లలు ఉస్మానియాకి, ఉద్యోగస్తులు హైటెక్ సిటీకి తక్కువ ఖర్చులో వెళ్లే రైలు ఇదొక్కటే. ఏ అమ్మాయి ఏ కాలేజీలో చేరాలి, ఏ ఉద్యోగం ఒప్పుకోవాలి అన్నది చాలా ఇళ్లలో ఈ రైలు టైమ్ మీదే ఆధారపడుతోంది.

టైమ్ విషయంలో మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి:

- రైలు నంబర్ తెలుసుకోండి. ఎంఎంటీఎస్ నంబర్లు ఐదంకెలు, 47తో మొదలవుతాయి. మీకు సరిపోయే రెండు రైళ్ల నంబర్లు ఉదయానికి, రెండు సాయంత్రానికి రాసి పెట్టుకోండి.
- రైల్వే వారి ఎన్‌టీఈఎస్‌లో ఆ నంబర్ కొట్టి, రైలు ఎక్కడుందో చూశాకే ఇంట్లోంచి బయల్దేరండి.
- ఆదివారం కొన్ని సర్వీసులు ఉండవు. ట్రాక్ పనుల వల్ల రద్దయ్యేవి దక్షిణ మధ్య రైల్వే ముందుగా ప్రకటిస్తుంది. ఆ వార్తలు గమనిస్తూ ఉండండి.
- పరీక్ష, ఇంటర్వ్యూ, ఆపరేషన్ లాంటి రోజు అయితే చేరాల్సిన రైలు కన్నా ఒక రైలు ముందుది ఎక్కండి.
- రంజాన్‌లో ఇఫ్తార్‌కి ఇంటికి చేరాలనుకునేవాళ్లు సంచిలో ఖర్జూరం, నీళ్లు పెట్టుకోవడం మంచిది. సిగ్నల్ దగ్గర రైలు ఎంతసేపు ఆగుతుందో చెప్పలేం.

ఆడవాళ్లు, పిల్లలు, భద్రత

ప్రతి రైల్లో మహిళల కోచ్ ఉంటుంది. అందులో మగవాళ్లు ఎక్కడం రైల్వే చట్టం సెక్షన్ 162 కింద నేరం. రాత్రి ఆలస్యంగా మహిళల కోచ్ ఖాళీగా ఉంటే, ఒంటరిగా కూర్చోవడం కన్నా జనం ఉన్న కోచ్‌లోకి వెళ్లడం మేలు. ఏదైనా ఇబ్బంది ఉంటే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. పోలీసులకు 100 లేదా 112. ఈ మూడు నంబర్లూ అమ్మాయిల ఫోన్లలోనే కాదు, ఇంట్లో అమ్మీ ఫోన్‌లో కూడా ఉండాలి.

పట్టాలు దాటడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఉప్పుగూడ, యాకుత్‌పురా వైపు ఇళ్లు పట్టాల పక్కనే ఉండటంతో పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా అడ్డంగా దాటేస్తారు. సెక్షన్ 147 కింద దీనికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. జరిమానా సంగతి అటుంచండి, కరెంట్ రైలు దగ్గరికి వచ్చేదాకా పెద్దగా చప్పుడు వినిపించదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే అసలు వినిపించదు. బ్రిడ్జి ఎక్కితే పోయేది మూడు నిమిషాలే.

2019 నవంబర్ 11న కాచిగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు ఆగి ఉన్న హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ని ఢీకొంది. గంటల తరబడి క్యాబిన్‌లో ఇరుక్కుపోయిన లోకో పైలట్‌ని బయటికి తీశారు కానీ కొద్ది రోజుల తర్వాత ఆస్పత్రిలో ఆయన చనిపోయారు. ఆ రోజు రైలు నెమ్మదిగా వెళ్తుండటంతో పెద్ద ప్రాణనష్టం తప్పింది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లకి మాత్రం అలాంటి చిన్న కుదుపు కూడా ప్రమాదమే.

దూరప్రయాణం ఉంటే స్టేషన్ పేరు చూసుకోండి

సికింద్రాబాద్ స్టేషన్‌ని కొత్తగా కడుతున్నారు. దీనికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. పనుల వల్ల కొన్ని దూరప్రాంత రైళ్లను చెర్లపల్లికి మార్చారు. చెర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. టికెట్ మీద ఎస్‌సీ అని ఉంటే సికింద్రాబాద్, కేసీజీ అంటే కాచిగూడ, హెచ్‌వైబీ అంటే నాంపల్లి, సీహెచ్‌జెడ్ అంటే చెర్లపల్లి. పాతబస్తీ నుంచి చెర్లపల్లికి నేరుగా ఎంఎంటీఎస్ లేదు. సామాను, పెద్దవాళ్లు ఉంటే చివరి నిమిషంలో తెలుసుకుని పరుగెత్తడం చాలా కష్టం. ముందు రోజు రాత్రే టికెట్ తీసి కోడ్ చూడండి.

మొదటి వారం ఇలా చేయండి

ఇంట్లో ఎవరైనా కొత్తగా రైల్లో వెళ్లడం మొదలుపెడితే ఈ వరుస పనికొస్తుంది. సెలవు రోజున కాకుండా మామూలు పని దినాన ఒకసారి పెద్దవాళ్లు తోడు వెళ్లండి, ఎందుకంటే ఆదివారం రద్దీ, టైమింగ్స్ రెండూ వేరు. ఏ ప్లాట్‌ఫాం, ఎటువైపు బ్రిడ్జి, మహిళల కోచ్ ఎక్కడ ఆగుతుంది అన్నది పిల్లలకి చూపించండి. వారం రోజులు రైలు నిజంగా వచ్చిన టైమ్ ఒక కాగితం మీద రాయండి. టైమ్ టేబుల్ కన్నా ఆ కాగితమే మీకు ఎక్కువ పనికొస్తుంది. ఆ తర్వాత పాస్ తీసుకోండి.

మా ఇంట్లో ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. చెల్లి రైలు లేటైతే ఇప్పుడు అమ్మీ కంగారు పడదు. తన ఫోన్‌లో రైలు నంబర్ కొట్టి, "ఇంకా విద్యానగర్‌లనే ఉంది" అని మాకే చెప్తుంది.